వంతు వదులుకునే వీధి

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఎవరో ఒకరు ఈ సంగతి చెవిన వేస్తారట. పనిమంతురాలే గానీ కాస్త దూరంగా ఉండండి అని. కోపంతో పాటు కాస్త గర్వం కూడా ఉందని వాళ్లు చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

నా పని పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లకు ఆర్కిటెక్చర్ గీయడం. అంటే ఎవరూ ఒక్క అక్షరం కోడ్ రాయకముందే, ఏ భాగం ఎక్కడ ఉండాలి, ఏది ఎవరి మాట వినాలి, ఒకటి పడిపోతే ఏది నిలబడాలి అని తేల్చడం. పని చేయించుకునేవాళ్లు వందల కోరికలు కోరతారు. వాటిని మేము రిక్వైర్‌మెంట్లు అంటాం. అందులో ముప్పాతిక మువ్వీసం ఎప్పుడైనా మార్చుకోదగ్గవే. అక్షరాలు పెద్దవి కావాలంటారు, పెద్దవి చేస్తాం. పట్టికలో ఇంకో గడి కావాలంటారు, పెడతాం. కానీ ఏ నాలుగైదో అలాంటివి కావు. అవి ముందుగా తెలియకపోతే, తెలిసిననాడు కట్టిందంతా పడగొట్టుకోవాలి. ఆ నాలుగైదింటిని మూడు వందల్లోంచి ఏరి పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరని నేను చాలాకాలం నమ్మాను. వాల్వులు తిప్పే ఒక మనిషి వెనక నాలుగు రోజులు తిరిగాక ఆ నమ్మకం కొంచెం తగ్గింది. తగ్గినందుకు నాకు సంతోషంగానే ఉంది.

నేను కడపలో పుట్టి పెరిగినదాన్ని. హైదరాబాదు కంపెనీకి ఇప్పుడు కడపలోని మా ఇంట్లోంచే పని చేస్తున్నాను. కర్నూలు, కడప వైపు కొన్ని ఊళ్లలో తాగునీటి వంతులన్నీ ఒకచోటి నుంచి నడిపే సిస్టమ్ కావాలని మా కంపెనీకి పని వచ్చినప్పుడు, ఎవరూ అడగకముందే నేను చేస్తానన్నాను. మా వైపు కొళాయిలో నీళ్లు రోజూ రావు. శ్రీశైలం నిండిందని టీవీలో ఎంతసేపు చూపించినా మా కొళాయికి ఆ సంగతి తెలియదు. ఎండాకాలంలో నాలుగు రోజులకోసారి వస్తే అదృష్టం. వీధి మొదట్లో నేలలో చిన్న గుంట, గుంటలో వాల్వు ఉంటాయి. వాల్వు తిప్పే మనిషి వచ్చి, టీ ఆకారంలో ఉండే పొడుగాటి ఇనుప రాడ్డు అందులోకి దించి తిప్పితే ఆ వీధికి నీళ్లు. ఆయన రాని రోజున బిందెలు వరసగా బోర్లించి ఉంటాయి.

కొత్త సిస్టమ్‌లో ఆ వాల్వులకు మోటార్లు వస్తాయి. ఒక్కో మోటారుకు ఒక చిన్న పెట్టె. కర్నూలు ఆఫీసులోని సర్వర్ ఆజ్ఞ ఇస్తే పెట్టె వాల్వు తెరుస్తుంది. మీ వీధికి రేపు ఏడింటికి నీళ్లు అని ముందురోజే ఇంటింటికీ ఫోన్లో కబురు పోతుంది. ఎనిమిది నెలలు కూర్చుని దీన్ని గీశాను. కరెంటు పోతుందని, సిగ్నల్ ఉండదని, చదువు రానివాళ్లకు కబురు మాటల్లో వినపడాలని, ఒకే లైను మీద రెండు వీధులు తెరిస్తే మిట్ట మీదికి చుక్క ఎక్కదని, అన్నీ ముందే పట్టుకున్నాను. కానీ అన్నిటికంటే పెద్ద కోరిక ఒకటుంది. దాని చుట్టూనే మొత్తం కట్టాను. ఆఫీసు అనుమతి లేకుండా ఏ వాల్వూ తెరుచుకోకూడదు.

ఆ కోరిక మా ఇంజినీరమ్మది. మాతో పని చేయించుకుంటున్నవాళ్ల తరఫున ఈ పనంతా చూసే అధికారి ఆమె. సన్నగా ఉంటుంది, గొంతు పెంచదు, చెప్పిన మాట రెండోసారి చెప్పదు. ఆ సోమవారం ఆమె మా డిజైన్ మీద సంతకం పెట్టాలి. సంతకం పడితే అన్ని ఊళ్లకూ అదే డిజైన్, మోటార్లకు ఆర్డరు, వాల్వు తిప్పేవాళ్ల రాడ్లన్నీ తిరిగి ఆఫీసుకు. ఆ తర్వాత మార్చమంటే ఎవరివల్లా కాదు.

సంతకానికి ముందు వారం ఒక ఊళ్లో నాలుగు వీధులకు మోటార్లు బిగించి పరీక్ష పెట్టారు. కర్నూలు నుంచి కడపకు వచ్చే దారిలో ఉంటుంది ఆ ఊరు. "మీరు కూడా పోయి నాలుగు దినాలు తిరిగి రండి మేడమ్. నేను కాగితం చూసి సంతకం చేసేదాన్ని. మీరు గీసినవాళ్లు, మీరు చూడల్ల" అంది ఇంజినీరమ్మ. ఎండలో తిరిగితే కొత్తగా తెలిసేదేముంది, అంతా రాసుకున్నాం కదా అని లోపల గొణుక్కున్నాను. పైకి మాత్రం సరేనన్నాను.

ఆ ఊళ్లో పాతికేళ్లుగా వాల్వులు తిప్పుతున్న ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. తెల్లబడ్డ పొట్టి గడ్డం, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, అరిగిపోయిన రబ్బరు చెప్పులు. పరీక్ష జరిగే నాలుగు వీధులకూ రాడ్డు వాడకూడదని ఆ వాల్వుల గుంటలకు తాళాలు వేశారు. తక్కిన ఊరంతా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మొదటి రోజు తెల్లవారుజామునే ఆయన వెనక బయలుదేరాను.

ఒక వాల్వు తిప్పాక ఆయన వెంటనే కదల్లేదు. రాడ్డు పై కొనకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఏం వినపడతాంది భాయ్?" అని అడిగాను.

"నీళ్లు పోతాండాయా, గాలి పోతాండాదా అని చూస్తాండా. నువ్వూ చెవి పెట్టు మా."

పెట్టాను. నాకు నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆయన మళ్లీ పెట్టి విని, వీధిలోకి చెయ్యి చూపించాడు. "ఆ నీలం తలుపు ఇంటి కాడ పైపు కారతాండాది. లోపల్లోపలే. పైకి తేమ ఇంగా రాలే."

తవ్వి చూస్తే అక్కడే కారుతోంది. ఈ పని కోసం మేము కొన్న సెన్సర్లు ఉన్నాయి. వాటి గురించి నేను మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడాను. మా సెన్సరుకైతే ఆ కారడం ఎప్పటికి తెలిసేదో నాకు బాగా తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. అప్పటినుంచి ఆయన ఎక్కడ నిలబడితే అక్కడ నిలబడ్డాను. ఏ మలుపులో నీళ్లకు దమ్ము తగ్గుతుందో, ఏ వాల్వును ఒక్కసారిగా తిప్పితే కింది వీధిలో పైపు పగులుతుందో ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేవాడు. ఏ కాగితం మీదా లేని ఊరి పటం ఆయన తలలో ఉంది. చదువుకున్న నాకు ముచ్చటేసింది. కొంచెం అసూయ కూడా వేసింది.

రెండో రోజు నేను మామూలుగా అడిగే ప్రశ్న అడిగాను. నా పనిలో ఇది నాకు బ్రహ్మాస్త్రం లాంటిది. "ఎప్పుడన్నా వంతు తప్పి వాల్వు తిప్పాల్సి వస్తాదా భాయ్?"

ఆయన ఆగి నా వైపు చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు నచ్చలేదని తెలిసింది. "వంతు తప్పి నేనెప్పుడూ తిప్పలే మా. పెద్దపెద్దోళ్లు వచ్చి అడిగినారు. తిప్పలే."

సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాను. ఆఫీసు అనుమతి లేకుండా తెరుచుకోకూడదన్న నా పునాదికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసి, సోమవారం సంతకానికి అడ్డేమీ లేదని చెప్పాను.

నాలుగో రోజు పొద్దున నేనూ భాయ్ నీళ్ల ట్యాంకు పక్కన టిఫిన్ బండి దగ్గర బొరుగుల ఉగ్గాని తింటున్నాం. ఆ రోజు ఏడింటికి మసీదు వెనక వీధి వంతు. పరీక్ష పెట్టిన వీధుల్లో అదొకటి. ఇంకా అరగంట ఉంది. ఆ వీధి నుంచి ముగ్గురు ఆడవాళ్లు గబగబా వచ్చారు. ముందున్న ముసలామె భాయ్ దగ్గరికి వచ్చి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "ఈ పొద్దు మాది కదా భాయ్. మిట్ట వీధికి ఇడుసు."

భాయ్ చేతిలోని పొట్లం బండి మీద పెట్టేశాడు. "ఎవురు పోయినారు?"

"రెడ్డోళ్ల పెద్దామె. తెల్లారుజామున."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మిట్ట వీధిలో ఒక పెద్దావిడ చనిపోయింది. ఆ వీధికి మళ్లీ నీళ్లు వచ్చేది ఎల్లుండి. ఇళ్లలో బిందెలు అడుగంటి ఉంటాయి. శవానికి స్నానం చేయించాలి, వచ్చినవాళ్లు స్నానాలు చేయాలి, వంట వండాలి, ఇల్లు కడగాలి. అందుకని ఈ రోజు వంతు ఉన్న వీధివాళ్లు తమ నీళ్లు వాళ్లకు ఇవ్వమని చెప్పడానికి వచ్చారు.

భాయ్ నా వైపు చూశాడు. మిట్ట వీధి వాల్వు కూడా పరీక్షలో ఉన్నదే. గుంటకు తాళం. తాళం చెవి ఆఫీసులో. ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు.

"ఏం భయం లేదు, నేను చేస్తా" అన్నాను. నా సిస్టమ్, నా చేతిలో ఫోను. అత్యవసరంగా నీళ్లు కావాలంటే అడగడానికి అందులో ఒక పేజీ పెట్టాను. చాలా బాగా పెట్టానని పేరు కూడా వచ్చింది. ఆ పేజీ ముందు చావింటి నంబరు అడిగింది. ఎవరికీ తెలియదు. ఆ ఇంటివాళ్ల ఫోను నుంచి అడగాలంది. తల్లి శవం పక్కన కూర్చున్న కొడుకు దగ్గరికి పోయి, ఫోను తీసి అర్జీ పెట్టు నాయనా అని ఎవరు చెబుతారు? సరే, ముసలామెతో వచ్చిన ఆమె మనవరాలి ఫోను నుంచి ప్రయత్నించాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీ వీధికి చెందని అభ్యర్థన, చెల్లదు. ఆ తనిఖీ ఎవరూ మోసం చేయకుండా నేనే పెట్టాను. ఆఫీసు నంబరుకు చేస్తే, వంతు మార్చాలంటే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలని ఒక గొంతు మర్యాదగా చెప్పింది. ఆ గొంతు చేత చెప్పించిన మాటలూ నావే. ఇంజినీరమ్మ ఫోను ఎత్తలేదు.

ముసలామె నా ఫోను వైపు, నా మొహం వైపు మార్చి మార్చి చూస్తోంది. "ఏందమ్మా, మా నీళ్లు మేం ఇస్తామంటే గూడా ఒప్పుకోదా అది?"

ఒప్పుకోదు. ఆ సిస్టమ్‌లో అడగడానికి చోటుంది, ఇవ్వడానికి లేదు. మూడు వందల కోరికల్లో ఇవ్వడం అన్నది ఒక్కచోట కూడా లేదు. నేను వెతకలేదు.

సరిగ్గా ఏడింటికి పెట్టె తన పని తాను చేసింది. మసీదు వెనక వీధి వాల్వు తెరుచుకుంది. పరీక్ష విజయవంతమైందని నా ఫోనుకు కబురు వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లూ వెనక్కి పరుగెత్తారు. కాసేపటికి ఆ వీధిలోంచి ఒక్కొక్కరే బయటికి రావడం మొదలుపెట్టారు. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. తమ కొళాయిల్లో పట్టుకుని మిట్ట ఎక్కుతున్నారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఒక మగాయన సైకిలుకు రెండు క్యాన్లు కట్టి తోసుకుంటూ పోతున్నాడు. భాయ్ ఒక డ్రమ్ము భుజాన వేసుకున్నాడు. నేను ఎవరిదో బిందె అందుకున్నాను. నేను బిందె మోసి ఎన్నాళ్లయిందో. మిట్ట ఎక్కేసరికి సగం నా చీర మీదే పోసుకున్నాను.

చనిపోయిన పెద్దావిడ ఇంటి ముందు అరుగు మీద బిందెలు వరసగా పెడుతున్నారు. "ఈడ పెట్టు మా" అని ఎవరో చోటు చూపించారు. పెట్టాను. నేనెవరో వాళ్లకు తెలియదు. ఒకామె నా తడిసిన చీర చూసి, కష్టపడి తెచ్చినావు తల్లీ అంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కసారి వాల్వు తిప్పితే పోయే పనికి ఒక వీధి వీధంతా ఎండలో మిట్ట ఎక్కింది. దానికి కారణం నేను. అంత సిగ్గు నా ఉద్యోగంలో ఎన్నడూ పడలేదు.

దిగి వచ్చేటప్పుడు భాయ్ మీద కోపం వచ్చింది. సిగ్గుపడ్డప్పుడు నాకు కోపమే వస్తుంది. "వంతు తప్పి తిప్పలేదని చెప్పినావు కదా భాయ్! ఇట్లాంటిది ఉండాదని ఒక్క మాట చెప్పింటే ఏం పోయింది?"

"ఇది వంతు తప్పడం ఎట్లయితాది మా?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వంతు ఆళ్లది. ఆళ్లే ఇచ్చినారు. ఇచ్చినంక అది మిట్టోళ్ల వంతే గదా. నేను వంతు ప్రకారమే తిప్పుతా."

"మరి చెప్పలేదే?"

"అదేం చెప్పాల? అన్నం తినేటప్పుడు నోరు తెరుస్తామని చెప్తామా?"

ట్యాంకు నీడలో కూర్చోబెట్టి అంతా చెప్పించుకున్నాను. చావింటివాళ్లు నీళ్లు అడగరు. ఆ ఊళ్లో అది పద్ధతి కాదు. ఆ రోజు వంతు ఉన్న వీధివాళ్లే వచ్చి ఇవ్వమని చెప్పాలి. నీళ్లు వదులుకునేవాడి నోటి నుంచి మాట వస్తేనే భాయ్ రాడ్డు కదుపుతాడు. పెద్దపెద్దవాళ్లు వచ్చి ఫంక్షన్ ఉంది, మా వీధికి వదలమని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒక్కటే. ఈ పొద్దు వంతు ఫలానా వీధిది, ఆళ్లను పంపియ్యి. ఎవరూ పంపలేకపోయారు.

"ఒకరు వచ్చి చెప్తే వీధంతా ఒప్పుకున్నట్లేనా?" అని అడిగాను. నా బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది.

"యాడ ఒప్పుకున్నట్లు? వాల్వు మూత మీద రాడ్డుతో మూడు దెబ్బలు కొడతా. అందురూ బయటికొస్తారు. ఇట్ల నీళ్లు ఆడికి పోతాండాయి, ఎవురికన్నా ఇబ్బందుంటే చెప్పండి అంటా. ఒక టీ తాగేంత సేపు నిలబడతా. అప్పుడు తిప్పుతా."

"ఎవరన్నా వద్దన్నారా?"

"ఒగసారి అన్యారు. ఒక పిల్లామె. ఇంట్లో బిడ్డకు జొరం, చుక్క నీళ్లు లేవంటాది. తప్పేముండాది? ముందు ఆ పిల్లకు రెండు బిందెలు తెచ్చి పోసి, అప్పుడు తిప్పినా."

ఆ మనిషి చదివింది ఐదో తరగతి. నేను ఎనిమిది నెలలు మీటింగుల్లో కూర్చుని, తెల్లబోర్డు నిండా గీతలు గీసి సాధించలేనిది ఆయన పాతికేళ్లుగా ఒక రాడ్డుతో నడుపుతున్నాడు. ఎవరికి హక్కుంది, ఎవరు అడగాలి, ఎంతసేపు ఆగాలి, వద్దన్నవాళ్లను ఏం చేయాలి, అన్నీ ఆలోచించి ఉన్నాయి అందులో. ఆయన ఒక్కడే ఆలోచించాడని కూడా కాదు. ఊరు ఆలోచించింది, ఆయన కాపాడాడు. చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆయన ఇబ్బందిపడి, "గమ్మునుండు మా, ఎవురన్నా చూస్తారు" అన్నాడు.

ఆ సాయంత్రం హైదరాబాదుకు ఫోన్ చేసి, సోమవారం సంతకం వద్దన్నాను. మా పై అధికారి మొదట నవ్వాడు. ఒక పేజీ చేర్చు, సరిపోతుంది కదా అన్నాడు. పేజీ చేరిస్తే సరిపోదు. ఆఫీసే తెరుస్తుందన్న పునాది మీద అంతా కట్టాం. ఇప్పుడు తెరిచే హక్కు వీధిది అని తేలింది. తీర్పు చెప్పేది కర్నూలులో కాదు, వాల్వు గుంట పక్కనున్న పెట్టెలో. అంటే పెట్టె మారాలి, కబురు మారాలి, ఎవరి మాట ఎవరు వినాలన్నది తలకిందులు కావాలి. ఈ ఒక్క కోరిక తక్కిన మూడు వందల కంటే బరువైనది. అంతా విని, "ఇంజినీరమ్మను నువ్వే ఒప్పించుకో" అన్నాడు.

సోమవారం భాయ్‌ని వెంటబెట్టుకుని కర్నూలు వెళ్లాను. ఇంజినీరమ్మ మొత్తం విన్నది. తర్వాత భాయ్ వైపు తిరిగి అడిగింది. "తాళం ఎందుకు వేయమన్యానో తెలుసా భాయ్ నీకు?"

"తెల్దు మేడమ్. మా మీద నమ్మకం లేకనేమో అనుకున్యాం."

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో ఉంటి. వాల్వు తిప్పలేదని ఆడ ఒకాయన్ని నడిరోడ్డు మీద కొట్టినారు. నా కళ్ల ముందర. నేనేం చేయలేకపోయినా. రాడ్డు నీ చేతిలో ఉంటే నిన్ను కొడతారు. తాళం ఉంటే, నా చేతిలో లేదు అని చెప్పుకుంటావు కదా అని."

ఎనిమిది నెలలు ఆ కోరికను నేను పెత్తనం అనుకున్నాను. అధికారులంతా ఇంతే, అన్నీ తమ గుప్పిట్లో ఉండాలి అనుకున్నాను. ఎందుకు కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఎందుకు తెలియకుండా పునాది తవ్వేశాను.

భాయ్ నెమ్మదిగా అన్నాడు. "ఇప్పుడు గూడా నా చేతిలో లేదు మేడమ్. వీధి చేతిలో ఉండాది. ఒక మనిషిని కొడతారు. వీధిని కొట్టలేరు గదా."

ఇంజినీరమ్మ కాగితాలు మూసింది. "సంతకం ఈ పొద్దు పెట్టను" అని నాతో అంది. "ఎన్ని నెలలు కావల్లో చెప్పండి. పైవాళ్లతో నేను తిట్లు తింటా." తిన్నది కూడా. ఎంత తిన్నదో నాకు చెప్పలేదు గానీ, ఆ కొన్ని నెలలూ నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. నాకు తెలిసినవాళ్లలో తన మాట వెనక్కి తీసుకోవడానికి అంత తక్కువ సమయం తీసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

మళ్లీ గీశాను. ఈసారి వంతు వీధిది. ఆ రోజు వంతు ఉన్న వీధిలో ఎవరైనా సరే తమ నీళ్లు ఇంకో వీధికి ఇస్తామని చెప్పవచ్చు. వెంటనే ఆ వీధిలోని అన్ని ఇళ్లకూ కబురు పోతుంది. పది నిమిషాలు ఆగుతుంది. ఎవరూ ఇబ్బంది చెప్పకపోతే పెట్టె తానే తెరుస్తుంది, సిగ్నల్ ఉన్నప్పుడు ఆఫీసుకు చెబుతుంది. ఆఫీసు చూడగలదు గానీ, ఆపడానికీ ఇప్పించడానికీ దానికి వీల్లేదు. ఎవరైనా ఇబ్బంది ఉందంటే ఆ ఇల్లు ఏదో వాల్వు మనిషికి తెలుస్తుంది. ఆయన రెండు బిందెలతో ఆ గడప తొక్కాకే మిగిలింది నడుస్తుంది. గుంటల తాళాలు తీసేశారు. పైపులు వినడానికి, మోటారు మొరాయించిన రోజున తిప్పడానికి రాడ్లు ఎవరివి వాళ్లకే ఇచ్చేశారు.

సిస్టమ్ ఊరూరా మొదలైంది. కొన్నాళ్లకు కడపలో మా పేట కూడా దాని కిందికి వచ్చింది.

ఒక ఆదివారం, మా వీధికి నీళ్లు వచ్చే రోజు. నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్న నీళ్లు. మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి వస్తామన్నారు. గిన్నెలన్నీ తొట్టిలో పడేసి, తలకు నూనె దట్టంగా పట్టించుకుని కూర్చున్నాను. ఫోను మోగింది. మీ వీధి వంతు నీళ్లు ఈ పూట పక్క వీధికి ఇవ్వాలని మీ వీధివారు ఒకరు అన్నారు, ఇబ్బంది ఉంటే పది నిమిషాల్లో చెప్పండి.

ఆ వాక్యం నేను రాసిందే. ఎన్నిసార్లు దిద్దానో. ఇంజినీరమ్మకు చదివి వినిపించాను, భాయ్‌కి వినిపించాను. కానీ అబద్ధం ఎందుకు, అది నాకే వచ్చినప్పుడు మొదట వచ్చింది కోపం. ఈ రోజే దొరికిందా అనుకున్నాను. నెత్తిన నూనె, తొట్టిలో గిన్నెలు, మీదికి వస్తున్న చుట్టాలు. ఇబ్బంది ఉంది అన్న బటన్ ఎర్రగా, పెద్దగా, ముసలివాళ్ల వేలికి కూడా అందేలా ఉంది. నా వేలు దాని మీదికి వెళ్లింది.

నొక్కలేదు. నాకున్నది ఇబ్బంది కాదు, విసుగు. ఆ రెండింటికీ తేడా నాకు తెలియకపోతే ఇక ఎవరికి తెలుస్తుంది? ఫోను గోడకు ఆనించి చూస్తూ కూర్చున్నాను. మా వీధిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని తొట్లు, ఎంతమంది నాలాంటి కోపిష్టివాళ్లు. ఎవరో ఒకరు నొక్కకుండా ఉంటారా అనుకున్నాను. మూడు నిమిషాలు. ఆరు. తొమ్మిది. ఎవరూ నొక్కలేదు. పెరట్లో అప్పుడే బొట్టుబొట్టుగా మొదలైన కొళాయి ఆగిపోయింది.

తలుపు తీసి బయటికి వచ్చాను. పక్కింటి అక్క అప్పటికే గడపలో నిలబడి ఉంది, చంకలో ఖాళీ బిందెతో.

"ఎవురు పోయినారంట మా?" అంది.

"తెలీదక్కా."

"ఎవురైతే ఏముండాదిలే, పాపం" అని బిందె బోర్లించి, చీపురు తీసుకుని వాకిలి ఊడ్చుకుంది.